అడుగు వరస టిక్కీలు

మిర్చి నాణ్యత పరీక్షించే ల్యాబుల్లో నేను పనికి చేరి ఈ జనవరికి 18 ఏళ్ళు నిండాయి. గుంటూర్లో సీజనంటే జనవరి నుంచి మే దాకా, మిర్చి యార్డు ముందు నుంచి వెళ్తే ముఖానికి చున్నీ కట్టుకున్నా తుమ్ములు ఆగవు, ఆ ఘాటుకి అలవాటు పడేలోపే కొత్తగా చేరిన పిల్లలు మానేస్తుంటారు. అలా వచ్చి వెళ్ళిపోయేవాళ్ళని చూసీ చూసీ, ఇంక ఓపిగ్గా నేర్పడం దేనికిలే, మిషన్ మీద ఏ బటన్ నొక్కాలో చూపిస్తే చాలు అనుకునే దాకా వచ్చేశాన్నేను.

పోయిన సీజన్లో సత్తెనపల్లి వైపు నుంచి ఒకమ్మాయి చేరింది. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ, వాళ్ళ నాన్న తేజ రకం మిర్చి వేస్తాడు. హెచ్‌పీఎల్‌సీ, అంటే శాంపిల్లో ఏ పదార్థం ఎంతుందో కొలిచే మిషన్, దాని గురించి నాకంటే బాగా చెప్తుంది, కానీ మా పనిలో అసలు కష్టం మిషన్ దగ్గర కాదు, గోడౌన్లో. అఫ్లాటాక్సిన్ అంటే బూజు వల్ల వచ్చే విషం, యూరప్‌కి పంపే మిర్చిలో బీ1 అనే రకం 5 పీపీబీ దాటకూడదు, అంటే 100 కోట్ల భాగాల్లో 5. పైగా అది లాటంతా ఒకేలా ఉండదు, ఒక టిక్కీలో, అంటే మిర్చి బస్తాలో, పది కాయలకి బూజు పట్టి పక్క టిక్కీ శుభ్రంగా ఉండొచ్చు. కల్లంలో రాత్రి మంచు పడ్డా, టిక్కీకెత్తేటప్పుడు కాయ విరక్కూడదని నీళ్ళు చల్లినా మొదలైపోతుంది. పైన చేతికందిన నాలుగు టిక్కీల్లోంచి శాంపిల్ తీస్తే ఎంత ఖరీదైన మిషనైనా ఆ నాలుగింటి సంగతే చెప్తుంది.

అందుకని ఆ అమ్మాయిని మొదటి వారం మిషన్ ముట్టుకోనివ్వలేదు, కాయ పట్టుకోవడం నేర్పా. చెవి దగ్గర పెట్టి ఊపితే గింజలు గలగలమనాలి, చప్పుడు రాకుండా మెత్తగా ఉంటే ఇంకా తేమ ఉన్నట్టే, పైకి నిగనిగలాడే కాయలో కూడా గింజల చుట్టూ బూజు ఉండొచ్చు కాబట్టి విరిచి చూడాలి. అప్పుడే, ఎందుకో నాకే తెలీదు, ఇన్నేళ్ళు ఎవరికీ చెప్పని మాట చెప్పేశా. నేను పనిలో కొత్తగా ఉన్నప్పుడు, అప్పట్లో వేరే చోట, పై వరసల్లోంచే తీసి లాట్ పాస్ చేశాను, ఆ సరుకు వెనక్కొచ్చింది, తప్పు గోడౌన్ కుర్రాడి మీదకి పోతుంటే నోరు విప్పలేదు. అతని పని పోయింది. ఆ అమ్మాయి ఏమీ అనలేదు, తలొంచుకుని కాయలు విరుస్తూనే ఉంది.

మార్చిలో ఒక సాయంత్రం, 200 టిక్కీల లాట్, రిజల్ట్ క్లీన్‌గా వచ్చింది, నేను సంతకం పెట్టబోతున్నా. తను వచ్చి పక్కన నిలబడి "మేడమ్, ఇది ఇవ్వొద్దు. బస్తాలు మోసే ముఠావాళ్ళు తొందరపెడుతుంటే పై రెండు వరసల్లోంచే తీశాను" అంది. గొంతు వణుకుతోంది. తను నోరు మెదపకపోతే నాకు ఎప్పటికీ తెలిసేది కాదు.

మర్నాడు పొద్దున్నే ఇద్దరం వెళ్ళి టిక్కీలన్నీ దింపించాం, ముఠామేస్త్రి విసుక్కున్నాడు, అదనపు కూలీ ఎవరిస్తారని ఆఫీసు నుంచి ఫోన్ కూడా వచ్చింది, నేను చూసుకుంటానన్నా. గోడ వైపు అడుగు వరసలో టిక్కీలు పట్టుకుంటే చల్లగా తగిలాయి. మళ్ళీ టెస్ట్ చేస్తే బీ1 పరిమితి దాటింది, లాట్ ఆపేశాం.

ఆ రాత్రి బ్రాడీపేటలో మా ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చున్నా చాలాసేపు తినలేకపోయాను. బాధతో కాదు. ఆ వయసులో నేను చెయ్యలేనిది, నా దగ్గర నేర్చుకుంటున్న పిల్ల చేసింది. ఆ కుర్రాడికి జరిగింది దీంతో సరిపోతుందని అనడం లేదు, అది సరిపోదు. కానీ నేర్పడం ఎందుకులే అన్న మాట మళ్ళీ నా నోట రాలేదు, ఈ సీజన్లో ఇంకో ఇద్దరిని తీసుకోమని నేనే అడిగాను.

సంక్రాంతి తర్వాత వాళ్ళ నాన్న యార్డుకి సరుకు తెచ్చి అట్నుంచి అటే ల్యాబ్‌కొచ్చాడు. కూతురు పోరు పడలేక ఈసారి కల్లంలో నేల మీద ఆరబెట్టకుండా టార్పాలిన్ పట్టాలు కొన్నాడంట, రాత్రిళ్ళు కాయ మీద కప్పాడంట. "చూడమ్మా" అని ఒక గుప్పెడు నా చేతిలో పోశాడు. ఒకటి తీసి చెవి దగ్గర ఊపాను. గలగలమంది.