కరెంటు సంస్థలో పుట్టిన జట్టును చూడ్డానికి పోట్స్‌డామ్ వెళ్లాం

జర్మనీలో బెర్లిన్ పక్కనే ఉన్న పోట్స్‌డామ్ వెళ్లేవాళ్లంతా సాన్‌సూసీ రాజభవనం కోసం వెళ్తారు. 2025 వసంతంలో బెర్లిన్‌లో తమ్ముడి దగ్గర ఉన్నప్పుడు నేను మాత్రం టుర్బీనె పోట్స్‌డామ్ ఆడవాళ్ల ఫుట్‌బాల్ జట్టు ఆట చూడాలని పట్టుబట్టాను. నాది విద్యుత్ శాఖలో ఉద్యోగం. ఒక కరెంటు సంస్థ ఉద్యోగులు పెట్టుకున్న ఆడవాళ్ల జట్టు యూరప్ ఛాంపియన్ అయిందని చదివినప్పటి నుంచీ ఆ మైదానం చూడాలని ఉండేది.

బెర్లిన్ నుంచి ఎస్7 లోకల్ ట్రైన్ ఎక్కి బాబెల్స్‌బెర్గ్‌లో దిగాం. ఇది పోట్స్‌డామ్‌లో ఒక భాగం. ఆటకు ఇంకా టైమ్ ఉంది కదా అని ముందు వేబర్‌ప్లాట్స్ అనే కూడలి వైపు నడిచాం. 18వ శతాబ్దంలో రెండో ఫ్రెడరిక్ రాజు బొహీమియా నుంచి వచ్చిన నేతగాళ్ల కోసం ఇక్కడ ఒక ఊరే కట్టించాడు. చర్చి చుట్టూ ఆ పొట్టి ఇళ్లు కొన్ని ఇంకా నిలిచి ఉన్నాయి. మంగళగిరిలో మగ్గాల చప్పుడు మధ్య పెరిగిన వాళ్లం కదా, ఏ గదిలో మగ్గం పెట్టుకునేవారో, నూలు ఎక్కడ ఆరబెట్టేవారో అనుకుంటూ చాలాసేపు అక్కడే తిరిగాం.

స్టేడియం పేరు కార్ల్ లీబ్‌నెక్ట్. ఊళ్లోవాళ్లు ముద్దుగా 'కార్లి' అంటారు. ఫ్లడ్‌లైట్ల స్తంభాలు చూసి నేను గేటు దగ్గరే ఆగిపోయాను. పక్కనే ఉన్న బాబెల్స్‌బెర్గ్ రాజోద్యానం 1990 నుంచి యునెస్కో వారసత్వ స్థలం. అక్కడి నుంచి చూసేవాళ్లకు స్తంభాలు అడ్డు రాకూడదని, అవసరం లేనప్పుడు కిందికి వంచేసేలా కట్టారు. మా శాఖలో ఎవరికి చెప్పినా నమ్మరని నాలుగు వైపుల నుంచీ ఫొటోలు తీసుకున్నాను.

ఈ జట్టు 1971 మార్చి 3న పుట్టింది. అప్పుడిది తూర్పు జర్మనీ. పోట్స్‌డామ్ విద్యుత్ సంస్థలో, ఆడవాళ్ల ఫుట్‌బాల్ జట్టు పెడుతున్నాం, ఇష్టమున్నవాళ్లు రండి అని నోటీసు బోర్డులో ఒక కాగితం పెట్టారు. అదే మొదలు. ఆ సంస్థలోనే పనిచేసే బెర్న్‌ట్ ష్రోడర్ కోచ్ అయ్యాడు. మధ్యలో కొన్నేళ్లు తప్ప 2016 దాకా ఆయనే కోచ్. పశ్చిమ జర్మనీలో అయితే ఆడవాళ్ల ఫుట్‌బాల్ మీద 1955 నుంచి 1970 దాకా ఏకంగా నిషేధమే ఉంది. తూర్పున నిషేధం లేదు కానీ, ఒలింపిక్స్‌లో లేని ఆట కాబట్టి ప్రభుత్వం పట్టించుకోలేదు. మెడల్ వచ్చే ఆటలకే డబ్బు. ఆ పరిస్థితిలోనే టుర్బీనె ఆరుసార్లు దేశంలో మొదటి స్థానంలో నిలిచింది.

తూర్పు జర్మనీ మహిళల జాతీయ జట్టు తన చరిత్ర మొత్తంలో ఒక్కటే మ్యాచ్ ఆడింది. 1990 మే 9న, ఈ కార్లి మైదానంలోనే, చెకోస్లొవేకియా చేతిలో 0-3తో ఓడింది. అదే ఏడాది అక్టోబర్‌లో ఆ దేశమే లేకుండా పోయింది. ఇరవై ఏళ్లు పట్టించుకోకుండా వదిలేసి, దేశం మూతపడే ముందు ఒక్క ఆట ఆడనిచ్చారు. ఆ గడ్డిని చూస్తుంటే నాకు నిజంగా కోపం వచ్చింది.

జర్మనీ ఏకమయ్యాక ఈ జట్టు ఆగిపోలేదు. 2004 నుంచి 2012 లోపు జర్మనీ పై లీగ్ అయిన బుండెస్‌లిగా ఆరుసార్లు గెలిచింది. 2005లో యూరప్ క్లబ్బుల పోటీ అయిన యుయెఫా మహిళల కప్పు తెచ్చుకుంది. ఆ పోటీ పేరు మహిళల ఛాంపియన్స్ లీగ్‌గా మారాక, 2010లో జరిగిన మొట్టమొదటి ఫైనల్‌లో ఫ్రాన్స్ జట్టు లియోన్‌ను పెనాల్టీల్లో ఓడించింది. ఆ రోజు గోల్‌కీపర్ ఆన్నా ఫెలిసిటాస్ జార్‌హోల్ట్స్‌కి పదిహేడేళ్లు. రెండు పెనాల్టీలు ఆపి, తనూ ఒకటి కొట్టింది.

మేం చూసిన సీజన్ అలాంటిది కాదు. ఓటమి మీద ఓటమి. మా పక్కన నీలం తెలుపు స్కార్ఫ్ వేసుకున్న ఒక పెద్దావిడ కూర్చున్నారు. తమ్ముడు జర్మన్‌లో మాట కలిపాడు. "అక్కా, ఈవిడ బెర్లిన్ గోడ కూలకముందు నుంచీ వస్తున్నారట," అన్నాడు. ఇండియాలో ఆడపిల్లలు ఫుట్‌బాల్ ఆడతారా అని ఆవిడ అడిగారు. మా నిజామాబాద్ జిల్లా అమ్మాయి గుగులోత్ సౌమ్య 2022లో క్రొయేషియాకు వెళ్లి డైనమో జాగ్రెబ్‌కు ఆడిందని చెప్పాను. ఆవిడ ఆ పేరు రాయించుకుని ఫోన్‌లో వెతికి చూశారు.

జట్టు ఎందుకింత చితికిపోయిందని అడిగితే ఒక్క మాటలో చెప్పారు: డబ్బు. బయర్న్, వోల్ఫ్స్‌బుర్గ్ లాంటి జట్ల వెనక మగవాళ్ల పెద్ద క్లబ్బులున్నాయి. పాత ప్రత్యర్థి ఎఫ్ఎఫ్‌సీ ఫ్రాంక్‌ఫర్ట్ కూడా 2020లో ఐన్‌ట్రాఖ్ట్ అనే మగవాళ్ల క్లబ్బులో కలిసిపోయింది. టుర్బీనె మాత్రం ఆడవాళ్ల క్లబ్బుగానే మిగిలింది. 2023లో కింది డివిజన్‌కి పడి, ఏడాదికే పైకొచ్చి, 2025లో మళ్లీ పడిపోయింది. ఆట ఎదగడం మంచిదే, అమ్మాయిలకు జీతాలు రావడం ఇంకా మంచిది. కానీ ఎవరూ పట్టించుకోని రోజుల్లో ఈ ఆటను బతికించినవాళ్లకు ఆ ఎదుగుదలలో చోటు దొరకకపోవడం అన్యాయం. మగవాళ్ల క్లబ్బు వెనక లేకపోతే ఆడవాళ్ల జట్టు పై డివిజన్‌లో నిలవలేని పరిస్థితిని గెలుపు అనలేను.

ఆ రోజూ ఓడిపోయారు. అయినా ఆట అయిపోయాక అమ్మాయిలు కంచె వెంబడి నడుస్తూ అడిగినవాళ్లందరితో ఫొటోలు దిగారు, పిల్లల జెర్సీల మీద సంతకాలు చేశారు.

బెర్లిన్‌లో ఉండే మన పిల్లలు వారాంతంలో ఒకసారి వెళ్లి రండి. బాబెల్స్‌బెర్గ్ స్టేషన్ నుంచి కార్ల్ లీబ్‌నెక్ట్ వీధి వెంట నడిస్తే స్టేడియం వస్తుంది. ఎస్‌వీ బాబెల్స్‌బెర్గ్ 03 అనే మగవాళ్ల జట్టు కూడా అదే మైదానంలో ఆడుతుంది కాబట్టి, ఆ రోజు ఆట ఎవరిదో ముందే చూసుకుని బయల్దేరండి.