ఊరికి దగ్గరైన పోస్టింగ్

ఆర్మీలో ఉన్న మా ఆయనకి జోధ్‌పూర్ నుంచి గోపాల్‌పూర్‌కి పోస్టింగ్ వచ్చిందని తెలియగానే సోంపేటలో మా అమ్మ కొబ్బరికాయ కొట్టింది. "ఇంక మనూరు వచ్చేసినట్టేనే" అంది. నేనూ అదే అనుకున్నాను. ఇచ్ఛాపురం దాటితే ఒడిశా, ఆపైన బరంపురం, అక్కణ్ణుంచి సముద్రం వైపు ఓ పదిహేను కిలోమీటర్లు. ఆర్మీ ఎయిర్ డిఫెన్స్ కాలేజీ 1989 నుంచీ గోపాల్‌పూర్‌లోనే ఉంది. మా ఆయన శాఖ అదే.

ముందు నా పొరపాటు చెప్పాలి. పాప టీసీ, మార్కుల కాగితాలు సామాన్ల పెట్టెలో పెట్టేశాను. లారీ పదకొండు రోజులు ఆలస్యంగా వచ్చింది. అన్నాళ్లూ నాలుగో తరగతి పిల్ల ఇంట్లో కూర్చుంది. టీసీ, గ్యాస్ ట్రాన్స్‌ఫర్ కాగితం, డిపెండెంట్ కార్డు చేతిసంచీలోనే ఉండాలి. పోస్టింగ్ వచ్చిన ప్రతి అమ్మాయికీ ఇప్పుడు ఇదే చెబుతున్నాను.

క్వార్టర్ లిస్టులో మా పేరు చాలా కింద ఉంది. బయట ఉండడానికి పర్మిషన్ తీసుకుని బరంపురంలో ఇల్లు అద్దెకు తీసుకున్నాం. ఇంటివాళ్లు పట్టు నేసే తెలుగువాళ్లు. మామ్మగారి తెలుగులో సగం ఒడియా. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడేదాకా ఈ ఊరు మద్రాసు వాళ్లదేనట, వాళ్ల నాన్న చెప్పేవారట.

శనివారం బడి వదలగానే సోంపేట రైలెక్కేవాళ్లం. ఆదివారం రాత్రికి వెనక్కి. మూడు నెలలు అలాగే గడిచింది. తొమ్మిది పెట్టెల్లో నాలుగు తెరవనే లేదు. ఇల్లు దగ్గరే కదా, తొందరేముంది అనిపించేది. జోధ్‌పూర్‌లో అయితే వారంలో కర్టెన్లు కూడా కట్టేశాను, ఎందుకంటే అక్కడ వేరే దిక్కు లేదు.

ఒక శుక్రవారం రాత్రి పాప అడిగింది, "అమ్మా, మనం ఇక్కడ ఉంటున్నామా, ఉండట్లేదా?" క్లాసులో అమ్మాయి ఆదివారం పుట్టినరోజుకి పిలిచిందట. రానని తనే చెప్పేసిందట. నాకు నిద్ర పట్టలేదు. ఊరి దగ్గరికి వచ్చామన్న సంబరంలో పిల్లకి ఊరే లేకుండా చేస్తున్నాను.

ఆ వారం వెళ్లలేదు. ఆ నెలంతా వెళ్లలేదు. అమ్మకి కోపం వచ్చింది, ఫోన్లో ముక్తసరిగా మాట్లాడింది. నాకూ ఏడుపొచ్చింది.

ఖాళీగా ఉన్న ఆ ఆదివారాల్లోనే పెట్టెలు తెరిచాను. ఉప్పుగాలికి గొళ్లేలు తుప్పుపట్టి బిగుసుకుపోయాయి. ఎడారిలో అయిదేళ్లున్నా ఒక్క మరక పడని పెట్టెలవి. కొబ్బరినూనె పోసి, సుత్తితో మెల్లగా తడితే ఊడాయి. లోపల రగ్గులు బూజు వాసన. మేడమీద ఆరేద్దామని వెళితే మామ్మగారు చాప పరిచి మినప అప్పడాలు ఎండబెడుతున్నారు. "రగ్గులు అటు గోడమీద వెయ్యమ్మా, నీడ పడకూడదు" అన్నారు. పాప ఆవిడ పక్కనే కూర్చుంది. అంచు లేచిన అప్పడాన్ని రెండు వేళ్లతో ఎలా తిప్పాలో ఆవిడ చూపించారు. ఆ సాయంత్రం పాప నాతో అంది, "అమ్మా, రేపు కూడా ఖరా బాగుంటే మిగతావి ఎండిపోతాయట." ఒడియాలో ఎండని ఖరా అంటారని అప్పుడే తెలిసింది నాకు. తర్వాత వారం పుట్టినరోజు పిల్ల కూడా మేడమీదికి వచ్చింది.

దసరాకి అమ్మే బయల్దేరి వచ్చింది. మామ్మగారూ తనూ మన చద్దన్నం గురించి, ఒడియావాళ్లు తినే నీళ్లన్నం పఖాళ గురించి మధ్యాహ్నమంతా మాట్లాడుకున్నారు. వెళ్లేటప్పుడు అమ్మ నన్నేమీ అడగలేదు, కర్టెన్లు బాగున్నాయని మాత్రం అంది.

క్వార్టర్ అయిదో నెలలో వచ్చింది. ఆయన పెట్టెలకి మళ్లీ నల్లరంగు వేసి, తెల్లగా పేరు, నంబరు, గోపాల్‌పూర్ అని రాశారు. చెయ్యి పెట్టి తడిమితే రంగు కింద జోధ్‌పూర్ అక్షరాలు ఇంకా తగులుతాయి. రెండు పెట్టెలు కలిపి, పైన పరుపు వేసి వరండాలో దివాన్ చేశాం. మొన్న ఆదివారం మామ్మగారు బస్సెక్కి వచ్చి దానిమీదే కూర్చున్నారు, ఒళ్లో అప్పడాల డబ్బా పెట్టుకుని.