కత్తి ధర ఎక్కడ పోయింది?

ఆదివారం. భోజనమయ్యాక కాస్త నడుం వాల్చానో లేదో, అన్నయ్య కొడుకు లాప్‌టాప్ పట్టుకుని వచ్చాడు. తొమ్మిదో తరగతి. గేములు తయారుచేసి ఆడుకునే రోబ్లాక్స్‌లో సొంతంగా ఓ గేమ్ చేస్తున్నాడు.

"బాబాయ్, కత్తి ధర రావట్లేదు."

వాడు రాసిన తీరు బాగానే ఉంది. షాప్ అని ఒక టేబుల్ (పేరు పెట్టి విలువలు దాచుకునే చోటు), అందులో కత్తికి ఇంకో టేబుల్, దానిలో లెవెల్స్, ఒక్కో లెవెల్‌కీ ప్రైస్, డ్యామేజ్. రోబ్లాక్స్‌లో వాడే ప్రోగ్రామింగ్ భాష లూవా నుంచి వచ్చిన లువావ్. అందులో లిస్టుకైనా డిక్షనరీకైనా ఉన్నది టేబుల్ ఒక్కటే కాబట్టి, బీరువాలో అర, అరలో డబ్బా అన్నట్టు ఒకదాంట్లో ఒకటి పెట్టుకుంటూ పోవాల్సిందే.

అవుట్‌పుట్‌లో ఎర్రగా 'అటెంప్ట్ టు ఇండెక్స్ నిల్ విత్ ప్రైస్' అని ఉంది. అంటే నిల్‌లో, ఏమీ లేనిదాంట్లో, ప్రైస్ వెతుకుతున్నావని. వాడేమో ప్రైస్ స్పెల్లింగ్ దగ్గరే కూర్చున్నాడు. పాపం, ప్రైస్‌ది ఏ తప్పూ లేదు. టేబుల్లో లేని కీ (విలువకి పెట్టిన పేరో అంకో) అడిగితే లూవా గొడవ చేయదు, నిల్ ఇచ్చి ఊరుకుంటుంది. ఆ నిల్‌లోంచి ఇంకేదో తీయబోతేనే కేకలు పెడుతుంది. అందుకే ఎర్రర్‌లో ఉన్న పేరుకి ఒక మెట్టు ముందు వెతకాలి. ఆ పొడుగాటి లైన్‌ని ముక్కలు చేసి ఒక్కో మెట్టూ ప్రింట్ చేయించాను. షాప్ ఉంది, కత్తి ఉంది, లెవెల్స్ ఉన్నాయి. 3 అడిగితే నిల్. టేబుల్లో 3 ఎదురుగానే కనిపిస్తోంది!

సంగతేంటంటే, ఆ 3 ఆడేవాళ్లు టెక్స్ట్‌బాక్స్‌లో కొట్టేది. అక్కణ్ణుంచి వచ్చేది స్ట్రింగ్, అంటే అక్షరాలుగా రాసిన 3. టేబుల్లో ఉన్నది నంబర్. ప్రింట్ చేస్తే రెండూ ఒకేలా ఉంటాయి. పైగా స్ట్రింగ్ 3కి 1 కలిపితే బుద్ధిగా 4 అంటుంది, కీ దగ్గర మాత్రం అలా సర్దుకోదు. ఏది ఏ రకమో చెప్పే టైపాఫ్ పెట్టి చూపిస్తే గానీ వాడు నమ్మలేదు.

ఈలోపు వాడే ఒక మందు కనిపెట్టాడు: లెవెల్ దొరికితే దాని ప్రైస్, దొరక్కపోతే ధర సున్నా అనుకోమని ఆ లైన్‌లో 'అండ్', 'ఆర్ 0' తగిలించాడు. ఎర్రర్ పోయింది. కత్తి ఉచితంగా వచ్చేసింది! వాడికి తెగ నచ్చింది గానీ నేను తీయించేశాను. డబ్బుల దగ్గర ఇలాంటి సర్దుబాటు కంటే ఆ ఎర్ర అక్షరాలే నయం.

టెక్స్ట్‌బాక్స్ దగ్గరే, స్ట్రింగ్‌ని నంబర్‌గా మార్చే టునంబర్ పెట్టించాను. అంకె కాకుండా ఏ అక్షరాలో కొడితే అది కూడా నిల్ ఇస్తుంది కాబట్టి, ధర జోలికి వెళ్లకముందే లెవెల్ ఉందో లేదో చూసి, లేకపోతే 'ఆ లెవెల్ లేదు' అని చెప్పమన్నాను.

"రెండున్నర కొడితే, బాబాయ్?"

"కొట్టి చూడు."

'ఆ లెవెల్ లేదు' అని వచ్చింది. ఇక డాలు ధరలు ఎంత పెట్టాలా అని మొదలుపెట్టాడు.