నల్లగొండ నుంచి ఉమామహేశ్వరం: కారు టాప్ మీద 47 కిలోలు

అచ్చంపేట దగ్గర నల్లమల కొండ మీది శివక్షేత్రం ఉమామహేశ్వరంలో వండుకు తిందామని తెల్లారకముందే నల్లగొండలో కారు నింపాం. టాప్ మీద 75 కిలోల దాకా పెట్టొచ్చని కారు పుస్తకంలో ఉంది. సామాను కట్టడానికి టాప్ మీద బిగించే క్యారియర్ బరువూ అందులోదే, చాలామంది అది మరుస్తారు. మాది 14 కిలోలు, మిగిలింది 61. ఎక్కించింది 47: టెంటు గుడ్డ, చాపలు, రెండు పరుపులు, ఖాళీ గుండిగ. బియ్యం బస్తా, నీళ్ల క్యాన్లు డిక్కీలోకే. పైన బరువు పెరిగేకొద్దీ మలుపులో బండి ఒరుగుతుంది.

ముందుగా అల్లెన్ కీతో క్యారియర్ కాళ్ల బోల్టులు బిగించాం. ఆ కాళ్లు వదులుంటే పైన ఎంత కట్టినా దండగే. జారకుండా అడుగున పాత రబ్బరు మ్యాటు, దాని మీద క్యారియర్ అడ్డరాడ్లు రెండింటి నడుమ టెంటు గుడ్డ, ఆపైన పరుపులు, వెనక బోర్లించిన గుండిగ. వెల్లకిలా పెడితే గాలి పట్టేస్తుంది. టార్పాలిన్ ముందు అంచును సామాను కిందికి మడిచాం, లేకపోతే గాలి దూరి గొడుగులా లేస్తుంది.

అడ్డంగా రెండు రాచెట్ బెల్టులు (పళ్ల చక్రాన్ని మీటతో తిప్పి బిగించే పట్టీలు) పడగానే బావ ఊపి చూసి, "కదుల్తలేదు, ఇగ నడువ్" అన్నాడు. చేత్తో ఊపితే తెలిసేది పక్కల సంగతే. గట్టిగా బ్రేకు కొడితే 47 కిలోల సామాను ముప్పై అయిదు కిలోలకు పైగా బలంతో ముందుకు తోస్తుంది, అడ్డబెల్టు దాన్ని ఆపలేదు. అందుకని ఒక బెల్టును సామాను ముందు మొహం చుట్టూ తిప్పి వెనక రాడ్డుకు, ఇంకోదాన్ని వెనక నుంచి ముందు రాడ్డుకు కట్టాం. గుండిగ చెవుల్లోంచి వేరే తాడు, అంచు కోయకుండా సైకిల్ ట్యూబు ముక్క. నైలాన్ తాడు బరువు పడితే సాగుతుంది కాబట్టి అసలు పని దానికి అప్పజెప్పలేదు.

గుర్రంపోడు దాటకముందే పైన బుర్రుమని మోత. బెల్టు బల్లపరుపుగా ఉంటే గాలికి అలాగే మోగుతుంది. ఆపి ఒక్క మెలిక తిప్పితే సద్దుమణిగింది. కొండమల్లేపల్లిలో టీకి ఆగి చూస్తే బెల్టు కింద రెండు వేళ్లు దూరాయి. పరుపులు అణిగిపోయాయి! రాచెట్ నాలుగు పళ్లు బిగించాం. మెత్తటి సామానుకు మొదటి గంటలో ఇది తప్పదు. డిండి దగ్గర నీళ్ల మీంచి పక్కగాలి కొట్టింది, స్పీడు 70 దాటనివ్వలేదు.

నేల నుంచి టార్పాలిన్ పైదాకా 7 అడుగుల 3 అంగుళాలు. చీటీ రాసి డ్యాష్‌బోర్డుకు అంటించాం. కొమ్మలు వంగినచోట బావ దిగి చూశాడు. ఘాట్ ఎక్కేముందు మళ్లీ ఒకసారి బిగింపు. దిగేప్పుడు ఇంకా జాగ్రత్త, బరువంతా ముందుకే వాలుతుంది.

పైకి చేరాక రాచెట్ విప్పేవాడు ఎదురుగా నిలబడకూడదు, మీట ఎగిరి కొడుతుంది. అరటిపళ్లు మాత్రం టార్పాలిన్ కింద పెట్టకండి. కోతులకు వాసన తగిలితే గుడ్డ చింపడానికి నిమిషం చాలు.