479 ఏళ్ళ లెక్క

మా అమ్మ 1996లో శ్రీరామనవమి నాడు రామకోటి రాయడం మొదలుపెట్టింది. అప్పట్లో మేము నల్లకుంటలో ఒక పాత ఇంటి వెనుక పోర్షనులో అద్దెకు ఉండేవాళ్ళం. నాన్నగారు ఆఫీసుకూ, నేనూ తమ్ముడూ కాలేజీకీ వెళ్ళిపోయాక, పనిమనిషి వచ్చేలోపు దొరికే గంటన్నరలో అమ్మ కిటికీ పక్కన పీట వేసుకుని, ఒడిలో పుస్తకం పెట్టుకుని, గడికొక్క ‘శ్రీరామ’ చొప్పున రోజుకు సుమారు మూడు వందలు రాసేది. పుస్తకాలు నిండినప్పుడల్లా ఖమ్మంలోని అమ్మమ్మగారి ఊరికి వెళ్ళే వంకతో భద్రాచలం తీసుకెళ్ళి స్వామి సన్నిధిలో సమర్పించి వచ్చేది. కొత్త పుస్తకాలు కొని తేవలసిన పని మాత్రం నాది. నేను బస్సు దిగి ఇంటికి రాగానే “కోఠీకి వెళ్ళి కోటి తెచ్చావా?” అని అడిగేది. ఆ మాటకు ఇంట్లో నవ్వేది ఆవిడ ఒక్కతే.

ఈ ఇరవై తొమ్మిదేళ్ళలో మా ఇంట్లో మారనిది ఏమైనా ఉందా అని వెతికితే నాకు ఏదీ కనిపించదు. 2019లో నాన్నగారు పోయారు. మరుసటి ఏడాది ఇంటివాళ్ళు స్థలాన్ని డెవలప్‌మెంటుకు ఇచ్చారు, మేము నిజాంపేటలో నాలుగో అంతస్తుకు మారాము. 2021లో అమ్మకు పార్కిన్సన్స్ అనే నరాల జబ్బు ఉందని తేలింది. 2023లో, పద్దెనిమిదేళ్ళు పనిచేసిన సంస్థలో నా ఉద్యోగం పదిహేను నిమిషాల ఫోన్ కాల్‌తో ముగిసింది. దాని గురించి ఇంతకంటే రాయడానికి ఏమీ లేదు. అంతవరకూ నేను భక్తి అంటే, అన్నీ మారిపోతున్నా మారకుండా నిలిచే ఒక స్తంభం లాంటిదనీ, దాన్ని పట్టుకుంటే చాలనీ అనుకునేదాన్ని. అమ్మ పుస్తకాలను దగ్గరగా చూశాక ఆ అభిప్రాయం నిలవలేదు.

ఉద్యోగం పోయిన మొదటి నెలలో తోచక ట్రంకుపెట్టె సర్దుతుంటే, భద్రాచలం చేరకుండా మిగిలిపోయిన పుస్తకాలు బయటపడ్డాయి. వాటిని తారీఖుల వరుసలో పెట్టి తిరగేశాను. 2017 నాటి అక్షరాలు గడులకు పట్టనట్టు నిండుగా ఉన్నాయి, ‘శ్రీ’కి పెట్టిన సుడి పై గడిలోకి పాకేది. నాన్నగారు పోయిన తరువాత కొన్ని పేజీలు ఖాళీగా ఉన్నాయి, ఆ వెనుక వచ్చిన పేజీలలో కలం కాగితాన్ని చించేంతగా నొక్కుకుపోయింది. 2020 పుస్తకంలో పేజీ మొదట్లో మామూలుగా ఉన్న అక్షరం కిందికి వచ్చేసరికి ఆవగింజంత అవుతోంది. రాత ఇలా చిన్నదై పోవడం ఈ జబ్బు లక్షణాలలో ఒకటని తరువాత డాక్టరు చెప్పారు. అంటే మేము ఆసుపత్రికి వెళ్ళడానికి ఏడాది ముందే ఆ సంగతి రామకోటి పుస్తకంలో నమోదై ఉంది, చూసినవాళ్ళమే లేము. అమ్మ దేవుడికి రాస్తున్నానని అనుకుంటూ, తనకు తెలియకుండానే తన దినచర్యంతా అందులో రాసి పెట్టింది.

ఇప్పుడు రాత మాత్ర చెప్పినట్టు సాగుతుంది. లెవోడోపా మాత్ర తిండికి అరగంట ముందు వేసుకోవాలి, ఎందుకంటే పప్పు, పాలు, గుడ్డు వంటి మాంసకృత్తులున్న ఆహారంతో కలిస్తే అది సరిగా ఒంటబట్టదు. ఉదయపు మాత్ర పనిచేయడం మొదలయ్యాక చేయి కాసేపు మాట వింటుంది, ఆ తరువాత మళ్ళీ బిగుసుకుంటుంది. అమ్మ తన జపాన్ని ఆ వ్యవధిలోకి కుదించుకుంది. గీతలున్న కాగితం మీద రాస్తే ఇలాంటివాళ్ళ అక్షరం కొంత పెద్దదిగా వస్తుందని ఫిజియోథెరపిస్టు సలహా ఇచ్చినప్పుడు, అమ్మ తన పుస్తకంలోని గడులను గర్వంగా చూపించింది.

ఒక రోజు ఊరుకోలేక నేను కాలిక్యులేటరు తీశాను. అప్పటికి పూర్తయినవి సుమారు ముప్ఫై లక్షలు, మిగిలినవి డెబ్బై లక్షలు, ఇప్పుడు రోజుకు రాయగలిగేది నలభై. ఆ లెక్కన కోటి పూర్తి కావడానికి 479 ఏళ్ళు పడుతుందని చెప్పాను. అందులో ఎగతాళి కొంచెం ఉంది, ఎవరి మీదో తీర్చుకోవలసిన కోపం కూడా ఉంది. అమ్మ కళ్ళజోడు సవరించుకుని, “అయితే తొందరేం లేదులే,” అంది. ఆ తరువాత గడిలో ‘శ్రీ’ పూర్తి చేసింది. ఆశ అంటే చివరికి చేరతామన్న నమ్మకం అని నేను అనుకునేదాన్ని. ఆవిడకు చేరడంతో పనే లేకుండా పోయిందని, అయినా ఆశకు ఏ లోటూ రాలేదని ఆ రోజు నాకు అర్థమైంది.

ఇలా అంటున్నానని, ఏది జరిగినా మన మంచికే అనే మాట నా చేత అనిపించలేరు. ఆ మాటంటే నాకు మొదటి నుంచీ కిట్టదు. కోఠీలో పుస్తకాలు కొన్న రోజుల్లో ఒకటి రెండుసార్లు అఫ్జల్‌గంజ్ దాకా నడిచి, ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టును చూసి వచ్చాను. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగినప్పుడు సుమారు 150 మంది ఆ చెట్టెక్కి ప్రాణాలు దక్కించుకున్నారు. అదే వరదలో అమ్జద్ హైదరాబాదీ అనే కవి తల్లినీ భార్యనూ కూతురినీ పోగొట్టుకుని తాను ఒక్కడే మిగిలాడు. ఆ తరువాత అర్ధ శతాబ్దం బతికి, భగవంతుడి గురించీ బతుకు గురించీ రుబాయీలు, అంటే నాలుగు పాదాల పద్యాలు, రాసి పేరు తెచ్చుకున్నాడు. నగరానికి ఆ వరద తరువాత ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ వచ్చాయి. ఆ రెండు జలాశయాలు వచ్చాయి కనుక వరద మంచికే వచ్చిందని ఆ కవి ఎదుట నిలబడి ఎవరైనా అనగలరా? పోయినవి పోయినట్టే. ఆయన రాశాడు, అంతవరకే మనం చెప్పగలం.

2022 డిసెంబరులో, అమ్మ ఇంకా చేయి పట్టుకుని నడవగలిగిన రోజుల్లో, గోల్కొండ తీసుకెళ్ళాను. కోట శిఖరాన ఉన్న బారాదరి దాకా ఎక్కడం మా వల్ల కాలేదు కానీ, మెట్టుమెట్టుకూ ఆగుతూ రామదాసు బందీఖానా వరకు చేరుకున్నాము. గోడ మీద ఆయన చెక్కుకున్నవని చెప్పే సీతారామలక్ష్మణుల, ఆంజనేయుడి బొమ్మల ముందు అమ్మ చాలాసేపు నిలబడింది. పాల్వంచ పరగణా తహసీల్దారుగా వసూలైన సర్కారు సొమ్మును భద్రాచలం గుడికి ఖర్చు పెట్టినందుకు కంచర్ల గోపన్నను పన్నెండేళ్ళు అక్కడ బంధించారని చెబుతారు. ఆ చీకట్లో ఆయన రాముణ్ణి పొగడడమే కాదు, ఏ నగకు ఎంత ఖర్చయిందో లెక్క చెప్పి మరీ తిట్టాడు. తిట్టడానికి కూడా చోటున్న భక్తి అది, బహుశా అందుకే పన్నెండేళ్ళు నిలిచింది.

నేను అమ్మకు ఆ తరువాతి కథ చెప్పాను. ఆయనను బంధించిన గోల్కొండ సుల్తాను తానీషా కూడా ఎన్నో ఏళ్ళు గోల్కొండలో ఉండలేదు. 1687లో, ఎనిమిది నెలల ముట్టడి తరువాత, కోట ఔరంగజేబు సేనల వశమైంది. తానీషాను దౌలతాబాదుకు తరలించారు, ఆయన ఆ చెరలోనే కన్నుమూశాడు. బంధించినవాడు బందీ అయ్యాడన్న ఆ మలుపుకు అమ్మ సంతోషిస్తుందని అనుకున్నాను. అమ్మ గోడ వంక చూస్తూ, “పాపం, ఆయనకు గోడ మీద గీసుకోవడానికి ఏం దొరికిందో,” అంది. చరిత్రను నేను అంతవరకు ఆ వైపు నుంచి చూడలేదు.

ఈ మధ్య నలభై కాస్తా పదకొండు అయింది. మొన్న ఒక గడిలో ‘శ్రీరా’ వరకు వచ్చి చేయి ఆగిపోయింది. మరునాడు దాన్ని పూర్తి చేస్తుందేమో అని గమనించాను. అమ్మ ఆ సగం గడిని అలాగే వదిలి పక్క గడిలో మొదటి నుంచి మొదలుపెట్టింది. ఎందుకని నేను అడగలేదు, తనూ చెప్పలేదు.

గడులు చిన్నవైపోతున్నాయి, పెద్ద గడులున్న పుస్తకం తెమ్మంది. కోఠీలో నేను ఎప్పుడూ కొనే దుకాణంలో అంతా ఒకటే సైజు. రెండు లాంగ్ నోట్‌బుక్కులు కొనుక్కుని వచ్చి, భోజనాల బల్ల మీద స్కేలు పెట్టుకుని నేనే గళ్ళు గీయడం మొదలుపెట్టాను. పేజీకి పన్నెండే వస్తున్నాయి. నాలుగో పేజీలో ఉండగా అమ్మ కుర్చీలోంచి మెల్లగా ముందుకు వంగి, వణుకుతున్న వేలితో కాగితం మీద చూపించింది.

“గీత వంకర పోతోందే. స్కేలు గట్టిగా పట్టుకో.”