ముళ్ళపంది కాదు, ముళ్ళబంతి

"అమ్మా, నువ్వు తప్పు చెప్పావు" అంది మా పెద్దది, రెండు బొమ్మల పుస్తకాలు నా ఒళ్ళో పక్కపక్కనే తెరిచి పెట్టి. అప్పటికి దానికి ఆరేళ్ళు.

మొదటి పుస్తకం మా ఇంట్లో రెండేళ్ళుగా నలుగుతున్నదే. అందులో రాలిన ఆకుల కింద మూతి పెట్టి వెతుక్కునే ఒక చిన్న గోధుమరంగు జంతువు ఉంటుంది. ఒంటి నిండా పొట్టి ముళ్ళు. ఇంగ్లీషులో దాని పేరు హెడ్జ్‌హాగ్. నేను రోజూ 'ముళ్ళపంది' అనే చదివేదాన్ని. రెండోది ఆ వారమే లైబ్రరీ నుంచి తెచ్చాం, రాత్రిపూట తిరిగే జంతువుల పుస్తకం. అందులో ఒక పేజీ నిండా నలుపూ తెలుపూ చారల పొడవాటి ముళ్ళు నిక్కబొడుచుకుని నిలబడిన పెద్ద జంతువు, పోర్క్యుపైన్. ముందు రోజు రాత్రి దాన్ని కూడా 'ముళ్ళపంది' అనే చదివాను.

"ఇదీ ముళ్ళపందే, అదీ ముళ్ళపందేనా? ఇది నా రెండు చేతుల్లో పడుతుంది. అది తమ్ముడంత ఉంది."

బొమ్మలో పక్కన వేసిన చెట్టు మొదలుతో పోల్చి చూసి మరీ చెప్పింది. ఆ చిత్రకారుడెవరో కొలతలు తప్పకుండా గీశాడు కాబట్టి పాపకు ఆ తేడా పట్టుబడింది. ఆ రెండు బొమ్మల్నీ నేను మాత్రం అప్పటిదాకా సరిగ్గా చూడనే లేదని అప్పుడు తెలిసింది. పేరు చెప్పేసి పేజీ తిప్పేయడమే చేశాను.

ఆ సాయంత్రం ఇద్దరం కూర్చుని చదువుకున్నాం. ముళ్ళపంది ఎలుకల జాతికి చెందింది. వేర్లూ దుంపలూ బెరడూ కొరికి తింటుంది. దాని ముళ్ళు అడుగు పొడవు పైన కూడా ఉంటాయి. తోక మీది బోలు ముళ్ళను ఆడించి గలగలా చప్పుడు చేసి బెదిరిస్తుంది. అది ముళ్ళు బాణాల్లా విసురుతుందని చిన్నప్పుడు నేను విన్నాను, నిజమేననుకున్నాను. అది విసరదు. వెనక్కి నడుస్తూ వచ్చి గుచ్చుతుంది, ఊడిన ముళ్ళు శత్రువు ఒంట్లో ఉండిపోతాయి. హెడ్జ్‌హాగ్‌కు దానితో చుట్టరికమే లేదు. పురుగులూ వానపాములూ తిని బతుకుతుంది. ఒంటి మీద సుమారు 5,000 ముళ్ళు. ప్రమాదం వస్తే మూతీ కాళ్ళూ లోపలికి లాక్కుని ఉండలా ముడుచుకుంటుంది.

మరి దాన్ని తెలుగులో ఏమనాలి? ముళ్ళపందికి ఏదుపంది అని ఇంకో పేరుంది గాని, ఈ చిన్నదానికి నాకు తెలిసిన పేరేదీ లేదు. అమ్మకు వీడియో కాల్ చేసి పుస్తకం కెమెరాకు ఆనించి చూపించాను. "ముళ్ళున్నాయిగా, ముళ్ళపందే" అంది అమ్మ. "కాదమ్మమ్మా, ముడుచుకుంటుంది చూడు, బంతిలాగ" అని పాప పేజీ తిప్పింది. తర్వాతి బొమ్మలో అది గుండ్రంగా చుట్టుకుని ఉంది. అటు ఫోనులో అమ్మమ్మ ఏం పేరు పెడదామా అని ఆలోచిస్తుంటే, ఇటు పాపే చెప్పేసింది: "ముళ్ళబంతి."

మా ఇంట్లో దాని పేరు అదే అయింది. కొన్నాళ్ళకు ఇంకో సంగతి తెలిసింది. ఈ జంతువు పరాయిదనీ, అందుకే మనకు పేరు లేదనీ నేను అనుకున్నాను. దక్షిణ భారతంలోనే బతికే ఒక రకం హెడ్జ్‌హాగ్ ఉంది, ఆంధ్ర నేల మీద కూడా తిరుగుతుంది. తమిళంలో దాన్ని ముళ్ళెలి అంటారు, అంటే ముళ్ళ ఎలుక. నేను పుట్టి పెరిగిన వైపు ఉన్న ప్రాణి గురించి సముద్రాలు దాటి వచ్చాక, ఎవరో పరదేశి గీసిన బొమ్మలో నా కూతురి వేలు చూపిస్తే తెలుసుకున్నాను.

ఆ రోజు నుంచి నేను చదివే పద్ధతే మారిపోయింది. అంతకుముందు బొమ్మల పుస్తకం నాకు తెలుగు మాటల జాబితా. ఇదేంటి? ఆవు. ఇదేంటి? ఏనుగు. ఇది? తాబేలు. పాపకు మూడేళ్ళకే బోలెడు పేర్లు వచ్చేశాయని సంబరపడ్డాను. కానీ వాన వెలిసిన ఒక పొద్దున దారిలో నత్త కనిపిస్తే, "నత్త" అన్న ఒక్క మాటే తెలుగులో వచ్చింది. అది ఎక్కడికి పోతోందో, ఎంత మెల్లగా పోతోందో, తాకితే కొమ్ములు ఎలా లోపలికి పోయాయో అంతా ఇంగ్లీషులోనే చెప్పింది. నేను పాపకు పేర్లిచ్చాను గాని క్రియలివ్వలేదు. పేరు ఎక్కడైనా అతుకుతుంది, పరాయి భాష వాక్యంలో కూడా. ఏం జరుగుతోందో చెప్పాలంటే క్రియ కావాలి.

దేశం బయట ఉన్న మనలాంటి తల్లిదండ్రులకు నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఇదే. పుస్తకంలో అచ్చయిన భాష ఏదైనా కానివ్వండి, బొమ్మకు భాష లేదు. కింద ఉన్న ఇంగ్లీషు వాక్యాన్ని పక్కన పెట్టి, బొమ్మలో ఆ ప్రాణి ఏం చేస్తోందో తెలుగులో చెప్పండి. ఆవు నెమరేస్తోంది. కోడి కాలితో మట్టి కెలుకుతోంది. పిల్లి నక్కి కూర్చుంది, ఇప్పుడు ఒక్కసారిగా లంఘిస్తుంది. పాము జరజరా పాకుతోంది. గద్ద కోడిపిల్లను తన్నుకుపోయింది. పక్షి గుడ్లు పొదుగుతోంది. 'పొదగడం' అన్న ఒక్క మాటలో వెచ్చదనం ఉంది, ఓపిక ఉంది, రాబోయే పిల్ల ఉంది. ఆ మాట పక్షి గూటి బొమ్మ దగ్గర కాకుండా ఇంకెక్కడ నేర్పగలం? ఊరికే చెబితే పిల్లలకు అది గాలిలో మాట. బొమ్మ ముందు చెబితే ఆ పక్షితో పాటే మనసులో కూర్చుంటుంది.

ఇక అరుపులు. ఏనుగు ఘీంకరిస్తుంది, గుర్రం సకిలిస్తుంది, పులి గాండ్రిస్తుంది, సింహం గర్జిస్తుంది, గాడిద ఓండ్ర పెడుతుంది, పాము బుస కొడుతుంది, నక్క ఊళ వేస్తుంది. ఒక్కో గొంతుకు ఒక్కో క్రియ. మా చిన్నవాడికి తెలుగు పట్టుబడింది ఇక్కడే. 'ఘీంకారం' అనే మాటను వాడు రెండున్నరేళ్ళకే, ఘ వత్తు తగ్గకుండా, రోజుకు పదిసార్లు అనేవాడు. అక్షరాలు రాకముందే ఘ, ఝ, ఢ లాంటి ధ్వనులు వాడి నోట్లో కుదురుకున్నది ఏనుగుల వల్లా తుమ్మెదల వల్లానే.

ఇది కొత్త దారి కాదని తర్వాత తెలిసింది. పిల్లల కోసం తయారైన తొలి బొమ్మల పుస్తకాల్లో ఒకటిగా చెప్పే 'ఆర్బిస్ సెన్సువాలియమ్ పిక్టస్' 1658లో జర్మనీలోని న్యూరెంబర్గ్‌లో అచ్చయింది. దాన్ని రాసింది జాన్ ఆమోస్ కొమీనియస్ అనే విద్యావేత్త. అక్షరమాల అక్కడ జంతువుల గొంతులతో మొదలవుతుంది. కాకి 'ఆ ఆ' అంటుంది, బాతు 'ఖ ఖ' అంటుంది, పిల్లి 'నౌ నౌ' అంటుంది, తోడేలు 'లు ఉలు' అంటుంది. పక్కన చిన్న బొమ్మ, దాని పక్కన అక్షరం. నన్ను కదిలించిన విషయం ఇంకొకటుంది. ఆ పుస్తకం రెండు భాషల్లో ఉంది, ఒక వరుసలో లాటిన్, పక్క వరుసలో జర్మన్. దాన్ని రాసినాయన స్వయంగా ప్రవాసి. నేటి చెక్ దేశంలోని మొరేవియాలో పుట్టి, మతం కారణంగా 1628లో సొంత నేల విడిచి, ఆ తర్వాత తిరిగి వెళ్ళి స్థిరపడలేక, 1670లో ఆమ్‌స్టర్‌డామ్‌లో కన్నుమూశాడు. ఇల్లు వదిలిన మనిషి పిల్లలకు భాష నేర్పాలనుకున్నప్పుడు కాకినీ పిల్లినీ ఆసరా చేసుకున్నాడు. కాకి ఎక్కడికి వెళ్ళినా కాకేగా.

చదువుతూ తెలుగులోకి మార్చేటప్పుడు ఒక చిక్కు ప్రతి రాత్రీ వచ్చేది. ఇంగ్లీషు పుస్తకాల్లో ఎలుగుబంటి దాదాపు ఎప్పుడూ 'హీ'. నేను మొదట్లో 'ఎలుగుబంటి వచ్చాడు, నిద్రపోయాడు' అని చదివేదాన్ని. చొక్కా వేసుకున్న ఎలుగుబంటి అయితే సరే, అది కథలో మనిషే. కానీ అడవిలో నిజంగా తిరిగే ఎలుగుబంటి గురించి 'వచ్చాడు' అంటే నా చెవికే అదోలా ఉండేది. 'వచ్చింది' అన్నాను. పాప వెంటనే "అయితే ఆడదా?" అంది. "చెప్పలేదుగా, ఏదైనా కావచ్చు" అన్నాను. మన భాషలో పాప వచ్చింది, అమ్మ వచ్చింది, ఎలుగుబంటి వచ్చింది, వాన వచ్చింది: అన్నిటికీ ఒకటే క్రియ. దాంతో ప్రతి జంతువూ మగదే అన్న ఊహ మా ఇంట్లో పాతుకోలేదు. వ్యాకరణం చేసిన ఈ మేలు నేను ఎదురుచూడనిది.

జంతువులకు బట్టలు తొడిగి మాట్లాడించే కథలు వద్దని నేను అనను. కాకమ్మా పిచ్చుకమ్మా మాట్లాడుకోకపోతే మన కథలే లేవు. కానీ జంతువు గురించి తెలియడానికి చదివే పుస్తకం వేరుగా ఉండాలన్నది నా పట్టుదల. టొరంటో విశ్వవిద్యాలయం పరిశోధకులు 2014లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, చిన్న పిల్లలకు తెలియని జంతువుల గురించి రెండు రకాలుగా చదివి వినిపించారు. ఉన్న సంగతులే విన్నవాళ్ళకన్నా, జంతువులు మనుషుల్లా మాట్లాడి ఆలోచిస్తాయన్నట్టు విన్న పిల్లలు, నిజం జంతువులకు కూడా మనుషుల గుణాలు ఉంటాయని ఎక్కువగా అనుకున్నారు. అందుకే మా అలమరలో రెండు వరుసలు. పై వరుస కథలది, కింది వరుస 'నిజం పుస్తకాల'ది. ఆ పేరు పిల్లలు పెట్టిందే.

నిజం పుస్తకాల్లోనూ తప్పులుంటాయి. ఒకే మంచుగడ్డ మీద పెంగ్విన్, ధ్రువపు ఎలుగుబంటి పక్కపక్కనే నిలబడ్డ బొమ్మ ఎన్నిసార్లు చూశానో. ఒకటి ఉత్తర ధ్రువం వైపుది, ఇంకొకటి దక్షిణార్ధగోళానిది, రెండూ ఒకదాన్నొకటి ఎన్నడూ చూడవు. పూల నుంచి తేనె తెచ్చే ఈగను మగవాడిగా చూపిస్తారు, పని చేసే తేనెటీగలన్నీ ఆడవే. ఇలాంటివి దొరికినప్పుడు పిల్లలతో కలిసి ఒక కాగితం ముక్క మీద సరైన సంగతి తెలుగులో రాసి, సొంత పుస్తకమైతే ఆ పేజీలో అంటిస్తాం. పెద్దది ఇప్పుడు తెలుగులో చేతిరాత రాసేది ముఖ్యంగా ఈ చీటీల మీదే. పుస్తకంలో తప్పు దిద్దడమంటే దానికి ఎక్కడలేని హుషారు వస్తుంది.

అది రాసిన చీటీల్లో నాకు బాగా ఇష్టమైనది గిజిగాడిది. ఒక పుస్తకంలో వేలాడే గూడు పక్కన 'అమ్మ పక్షి ఇల్లు కడుతోంది' అన్న అర్థంలో వాక్యం ఉంది. గిజిగాడిలో గూడు అల్లేది మగది. గడ్డిపోచల్నీ ఆకుల చీలికల్నీ ముక్కుతో ముడివేస్తూ సగం అల్లి ఆపుతుంది. ఆడపక్షి వచ్చి పరీక్ష చేస్తుంది. దానికి నచ్చితే మగది మిగతాది పూర్తి చేస్తుంది, నచ్చకపోతే ఆ గూడు అలాగే వదిలేస్తుంది. పాప చీటీ మీద ఇలా రాసింది: "పేరులోనే గాడు ఉంది కదా, నాన్న కడుతున్నాడు."

తెలుగులోనే ఉన్న పుస్తకాలు కావాలంటే, ప్రథమ్ బుక్స్ వాళ్ళు 2015లో మొదలుపెట్టిన స్టోరీవీవర్ అనే వెబ్‌సైట్‌లో ప్రకృతి మీద తెలుగు పుస్తకాలు ఉచితంగా దొరుకుతాయి, అచ్చు వేసుకోవచ్చు కూడా. చెన్నైకి చెందిన తూలిక అనే ప్రచురణ సంస్థ ఇంగ్లీషూ తెలుగూ పక్కపక్కన ఉండే పుస్తకాలు వేస్తుంది. అమ్మమ్మ తెలుగు చదువుతూ, పాప ఇంగ్లీషు చదువుతూ, ఒకే పేజీ మీద ఇద్దరూ కలుసుకోవడం నేను కళ్ళారా చూశాను. అయినా పుస్తకం దొరకలేదని ఆగకండి. మాటలే లేని బొమ్మల పుస్తకం ఒకటి చేతికొస్తే, అది మొత్తంగా తెలుగు పుస్తకమే.

మొన్న రాత్రి చలికి చిన్నవాడు దుప్పటి లాక్కుని గోడవైపు తిరిగి పడుకున్నాడు. మోకాళ్ళు గడ్డానికి ఆనించి, తల లోపలికి దాచుకుని. పుస్తకం ఇంకా సగం ఉంది, లేచి కూర్చోమన్నాను. లోపల్నుంచే గొంతు వచ్చింది.

"కుదరదమ్మా. ముళ్ళబంతి ముడుచుకుంది."

పక్క మంచం మీంచి అక్క అందుకుంది: "ముట్టుకోకమ్మా, గుచ్చుకుంటాయి." నేను మెల్లగా దీపం తీసేశాను.