ముందుగాల టప్పా, తర్వాతనే గోడ

"నాన్నా, నువ్వు లోపలికి వెళ్ళు."

హన్మకొండలో మా ఇంటి పెరట్లో, పదకొండేళ్ల మా బిడ్డ అన్న మాట ఇది. నేనేమీ తిట్టలేదు. "టప్పా అనకూడదమ్మా, బంతి నేలను తాకడం అనాలి" అన్నానంతే.

స్వీడన్ నుంచి వచ్చేటప్పుడు ప్యాడెల్ బ్యాట్లు తెచ్చుకుంటానంది. గోడల మధ్య ఆడే, టెన్నిస్ లాంటి ఆట అది. బరువని గొణిగి, నేను మాత్రం నాలుగు తెలుగు వాచకాలు సర్దాను. బ్యాట్లు రోజూ ఎండకూ వానకూ తిరుగుతున్నాయి. వాచకాలున్న సంచి జిప్పు ఇంకా తియ్యలేదు. రామప్పకు తీసుకెళ్తూ, 2021లో యునెస్కో గుర్తింపు ఎలా వచ్చిందో కారులో ఉపన్యాసం ఇచ్చాను. ములుగు దాటకముందే నిద్రపోయింది.

మా బాపు ఆర్టీసీలో కండక్టర్‌గా రిటైరయ్యాడు. బ్యాటు తిప్పి చూసి, "ఇదేందే, బూందీ గంటె లెక్కున్నది?" అన్నాడు. నిజమే, తీగలుండవు, దళసరి పలక నిండా బెజ్జాలు. అసలు కోర్టయితే 20 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు, చుట్టూ అద్దాల గోడలు, ఇనుప తీగల జాలి. మా పెరడు అందులో పావు వంతుండదు. బట్టల దండెం కిందికి దించి మా అమ్మ పాత చీర వేశారు. నెట్ నడుమ 88 సెంటీమీటర్లే ఉండాలని పాప టేపు పట్టుకొని వాళ్ల బాపమ్మ వెంట తిరిగింది. ప్రహరీ గోడ అద్దమైంది, ఇనుప గేటు జాలి అయింది. 1969లో మెక్సికోలోని అకపుల్కోలో ఎన్రికే కోర్కుయెరా అనే ఆయన తన ఇంట్లోనే గోడల మధ్య ఈ ఆట మొదలుపెట్టాడని చెబితే, "అట్లయితే మనదే అసలు కోర్టు" అన్నాడు బాపు.

సర్వీసుకు బాపు బంతిని పైకెగరేశాడు. "కాదు తాతా, ముందు కింద వెయ్యాలి, లేచాక కొట్టాలి, నడుము కన్నా పైకి పోకూడదు." అదీ అవతల ఐమూలగా గీతలు గీసిన డబ్బాలో పడాలి. మొదటిది తప్పయితే ఇంకోటి వెయ్యొచ్చు. అక్కడ పడి అద్దానికి తగిలితే సరే, జాలికి తగిలితే తప్పు. ఆట సాగుతుండగా మాత్రం, ఒకసారి నేలమీద పడ్డాక జాలికి తగిలినా ఆడాల్సిందే.

పాప "బౌన్స్" అంటే బాపు "టప్పానా?" అన్నాడు. మర్నాటికి ఆమె నోట అదే. "ముందుగాల టప్పా, తర్వాతనే గోడ. అవతలోళ్ల గోడకు సీదా కొట్టినవంటే పాయింట్ వాళ్లకే, తాతా." సీదా! నేను ఎనిమిదేళ్లుగా నేర్పిన తెలుగులో ఈ మాట లేదు. నాతో మాట్లాడేటప్పుడు మళ్లీ పుస్తకం తెలుగే. లోపలికి వెళ్ళమన్నదీ ఆ తెలుగులోనే, ఒక్క తప్పు లేకుండా.

ఇంజినీరింగ్‌కు హైదరాబాద్ పోయిన కొత్తలో నేను "గట్ల, గిట్ల" అంటే హాస్టల్లో నవ్వేవారు. నెల తిరక్కముందే ఆ మాటలు మడిచి ట్రంకు పెట్టెలో పెట్టేశాను. బిడ్డకు తెలుగు నేర్పేనాటికి కూడా మడత విప్పలేదు. ఫోన్లో బాపు "ఏం జేత్తున్నవ్ బిడ్డా, తిన్నవా?" అంటే తెల్లమొహం వేసేది. నీకు తెలుగు రావడం లేదని దాన్నే కోప్పడేవాణ్ణి. మా ఇంట్లో ఎవరూ మాట్లాడని తెలుగు నేర్పి, మా ఇంట్లోవాళ్లతో మాట్లాడమన్నాను.

ఇంట్లో తెలుగే మాట్లాడాలని రూలు పెట్టిందీ నేనే. కోపమొస్తే ఆ రూలు గుర్తుచేసేది ఇంగ్లీషులో. అక్కడి స్నేహితులకు "పట్టు వదలకండి" అని సలహాలు కూడా ఇచ్చాను. ఇప్పుడెవరైనా అడిగితే ఏం చెప్పాలో తోచడం లేదు. తప్పులు దిద్దొద్దని చెబుదామా అంటే, ఆగస్టులో తిరిగి వెళ్లాక ఈ టప్పా ఎన్నాళ్లుంటుంది? అక్కడ ఆ మాట అనడానికి ఆమెకు నేను తప్ప ఎవరున్నారు?

స్కోరు దగ్గర మాత్రం బాపు గట్టిగా పట్టుకున్నాడు. "పదిహేను, ముప్పై, తర్వాత నలభై అయిదు గదా. అయిదు ఏడ పోయింది?" ఉద్యోగమంతా చిల్లర లెక్క అప్పజెప్పిన మనిషి. పాప నావైపు చూసింది. "టెన్నిస్‌ల గూడ అట్లనే ఉంటది" అన్నాను. నా నోట "ఉంటది" విని కిసుక్కున నవ్వింది.

నిన్న నలుగురు కావాలని నన్నూ పిలిచారు. పక్కింటి పిల్లవాడూ నేనూ ఒకవైపు, వాళ్లిద్దరూ ఒకవైపు. ఆఫీసువాళ్లతో ఆడిన అనుభవం ఉందని గొప్పగా దిగాను. నాకున్న జబ్బేమిటంటే, బంతి తలమీంచి పోతుంటే ఆగలేను, గాల్లోనే కొట్టేస్తాను.

"ఇడిసిపెట్టు నాన్నా, గోడకు తగిలి అదే వస్తది."

వదిలేయి అనాలి. నోటిదాకా వచ్చింది. ఆ ఆలోచనలోనే ఎగిరి కొట్టాను, బంతి పక్కింటి జామచెట్టులో ఇరుక్కుంది.

తర్వాత సర్వీసు నాది. బంతి కింద వేసి, నడుము దాటకుండా, ఐమూలగా కొట్టాను. డబ్బాలోనే పడింది. పడి, పోయి గేటుకు తగిలింది.

"తప్పు!" అన్నారు తాతా మనవరాలూ ఒకేసారి.

"ఇంకోటున్నది గదా," అన్నాడు బాపు, "ఎయ్యి."